జీతానికి శిలాఫలకం లేదు

మీ ఊరి ప్రభుత్వ కళాశాల భవనాన్ని ఎవరు ప్రారంభించారో మీకు తెలుసు. గోడ మీద నల్లరాతి పలకపై బంగారు రంగు అక్షరాలతో చెక్కి ఉంటుంది. ఆ గోడ వెనక పాఠం చెబుతున్న మనిషికి పోయిన నెల జీతం వచ్చిందో లేదో మీకు తెలుసా? ఎప్పుడైనా అడిగారా?

ఆ ప్రశ్న నా ఉద్యోగంలో నేరుగా నా ముందుకొచ్చిన సందర్భం ఒకటుంది. కరోనా తగ్గి తరగతులు మళ్ళీ గాడిన పడిన ఏడాది, జూన్ నెలలో, ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళే రోడ్డు మీదున్న మా విశ్వవిద్యాలయ పీజీ కేంద్రానికి నన్ను ప్రత్యేకాధికారిగా వేశారు. అప్పటికి నేను ప్రధాన ప్రాంగణంలో, ఆర్థిక విభాగంలో సహాయ రిజిస్ట్రార్‌ని. మా వరసలు తెలియనివారికి చెబుతాను. విశ్వవిద్యాలయంలో పాలన రిజిస్ట్రార్ చేతిలో, డబ్బు వ్యవహారం ఫైనాన్స్ ఆఫీసర్ చేతిలో ఉంటాయి. ఇద్దరి మీదా ఉపకులపతి, ఆయన మీద పాలక మండలి. సహాయ రిజిస్ట్రార్లు వీళ్ళందరి కింద ఉండి, పైవాళ్ళ సంతకాలకు కావలసిన కారణాలు తయారు చేస్తారు. ఉద్యోగ విరమణకు దగ్గర పడినదాన్ని. ఇలాంటి పనులు అలాంటివాళ్ళకే అప్పగిస్తారు.

ఉత్తర్వులో రాసింది, కేంద్రం కొనసాగింపు సాధ్యాసాధ్యాలను పరిశీలించి మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలని. అందరికీ అర్థమైంది మాత్రం, మూసివేతకు తగిన నివేదిక రాసుకుని రమ్మని. మా విభాగపు సూపరింటెండెంట్ పత్తికొండ మనిషి. ఉత్తర్వు నా చేతికిస్తూ, "మేడం, మీరు పోతాండేది పురుడుకు గాదు. పాడె ముగ్గురు ఇప్పటికే ఎత్తుకోనుండారు, నాలుగో పక్క మీరు పట్టాల, అంతే" అన్నాడు. ఆ ముగ్గురూ ఎవరో నాకు తెలుసు. ఆ ఏడాదే జనవరిలో ఆ కేంద్రాన్ని చూసివచ్చిన తనిఖీ బృందం వారు.

ఇక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎలా బతుకుతుందో కొంచెం చెప్పాలి. ప్రభుత్వం ఏటా ఒక మొత్తం మంజూరు చేస్తుంది. దాన్ని బ్లాక్ గ్రాంట్ అంటాం. అందులో సింహభాగం జీతాలకు, పింఛన్లకు పోతుంది. ఆ మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు చూసేది, మాకు ఎంతమంది అధ్యాపకులు కావాలన్నది కాదు. పోయిన ఏడు జీతాలకు ఎంత ఖర్చయిందన్నది. ఒక ఆచార్యుడు పదవీ విరమణ చేస్తాడు. ఆ పోస్టు నింపడానికి అనుమతి రాదు. అందువల్ల జీతాల ఖర్చు తగ్గుతుంది. తగ్గిన ఖర్చును చూపించి మరుసటి ఏడు గ్రాంటును అక్కడికే బిగిస్తారు. ఇంకో ఆచార్యుడు విరమిస్తాడు, గ్రాంటు ఇంకొంచెం బిగుస్తుంది. ఈ లోపు పింఛన్లు మాత్రం పెరుగుతూ ఉంటాయి. చివరికి పాఠం చెప్పేవాళ్ళు తగ్గి, పాఠం చెప్పి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎక్కువైన సంస్థగా మిగులుతాం. అప్పుడు ప్రభుత్వం మా వైపు చూసి, "మీకు సొంత కాళ్ళ మీద నిలబడడం రాదు" అంటుంది.

కరువు ఏడులో విత్తనపు వేరుశనగ కాయల్ని వేయించుకు తిన్న కుటుంబం మరుసటి తొలకరికి ఏమి చల్లుతుంది? ఈ ప్రాంతంలో ఆ తప్పు చేసిన రైతును ఊరంతా తిడుతుంది. విశ్వవిద్యాలయాల విషయంలో అదే పని ఏళ్ళ తరబడి చేసిన ప్రభుత్వాలు, మా దగ్గర నుంచి "సుస్థిరాభివృద్ధి" మీద నివేదికలు అడిగాయి. నేనే ఎన్నో పంపాను.

కేంద్రానికి చేరిన రోజు నేను మొదట చూసింది మనుషుల్ని కాదు, రాళ్ళని. ప్రధాన భవనానికి ఒక శిలాఫలకం. ప్రయోగశాలకు ఇంకొకటి. పెచ్చులూడుతున్న నీళ్ళ తొట్టికి కూడా ఒకటి. గేటు పక్కన "హరిత ప్రాంగణం" అని ఆకుపచ్చ అక్షరాలతో ఒక పలక, దాని వెనక వరసగా ఎండిపోయిన వేపమొక్కలు. మొక్కలు నాటడానికి గ్రాంటు వచ్చింది. నీళ్ళు పోసే మనిషికి రాలేదు.

ప్రయోగశాలలో పత్తి పింజ పొడవు, బలం కొలిచే యంత్రం ఉంది. ఆదోని మార్కెట్ యార్డులో కొనుగోలుదారులు గుప్పెడు పత్తి తీసి, రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య లాగి చూసి ధర చెబుతారు. వేళ్ళు ఎవరివో తీర్పు వాళ్ళది. రైతు తన పత్తిని ముందే పరీక్ష చేయించుకుని యార్డుకు రావాలని ఎవరో మంచి ఆలోచన చేసి, ఆ యంత్రాన్ని కొనిపించారు. ఆర్థిక సంవత్సరం చివర, గ్రాంటు మురిగిపోతుందన్న హడావిడిలో కొన్నారు. కానీ ఆ యంత్రం సరిగా కొలవాలంటే గదిలో వేడి, తేమ ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండాలి. దానికి కరెంటు కావాలి, చూసుకునే సాంకేతిక సహాయకుడు కావాలి. రెండూ ఏటేటా ఖర్చులు. ఏటేటా ఖర్చుకు ప్రారంభోత్సవం ఉండదు. కనుక యంత్రం వచ్చినప్పుడు కప్పిన ప్లాస్టిక్ తొడుగుతోనే నిలబడి ఉంది. గోడ మీద దాని శిలాఫలకం మాత్రం తళతళ మెరుస్తోంది.

కేంద్రాన్ని నడుపుతున్నది చాంద్ బాషా. ఆదోని మనిషే, రసాయన శాస్త్రంలో డాక్టరేటు ఉంది. మంజూరైన పోస్టులు ఖాళీగా ఉన్న చోట గంటల లెక్కన పాఠం చెప్పడానికి పెట్టుకునే అధ్యాపకుల్లో అతనొకడు. సెలవుల్లో గంటలు ఉండవు కనుక జీతమూ ఉండదు. నేను వెళ్ళేసరికి తాళాల గుత్తి అతని చేతిలోనే ఉంది.

"ఈ తాళాలు మీ దగ్గరెందుకున్నాయి?" అని అడిగాను.

"వాచ్‌మన్ పోస్టు గూడా ఖాళీనే మేడం. పొద్దున తాళం తీస్తా, పాఠం సెప్తా, సాయంత్రం తాళమేస్తా. మధ్యలో ప్రిన్సిపాల్ సంతకం గూడా నాదే" అన్నాడు. తర్వాత నవ్వి, "మా అమ్మ అడుగుతాంటాది, నువ్వు ఆడ ఏం పని సేస్తావు బేటా అని. ఏం సెప్పాలో నాకే తెలీదు" అన్నాడు.

తనిఖీ బృందం నివేదిక నా దగ్గరుంది. విద్యార్థుల హాజరు చాలా తక్కువ, స్థానికంగా ఉన్నత విద్యకు గిరాకీ లేదు, కాబట్టి కేంద్రాన్ని మూసి విద్యార్థులను ప్రధాన ప్రాంగణానికి మార్చాలి అని అందులో రాశారు. అది చాంద్ బాషాకు చదివి వినిపించి, అతని వివరణ అడిగాను. అది నా విధి.

"వాళ్ళు వచ్చింది జనవరిలో మేడం. సుగ్గి టైములో" అన్నాడు.

సుగ్గి అంటే పంట కోతల కాలం. ఈ మెట్ట పల్లెల్లో ఆ మాటకు వలస అన్న అర్థం స్థిరపడిపోయింది. సొంత ఊళ్ళో కోయడానికి ఏమీ మిగలనప్పుడు, హొళగుంద, చిప్పగిరి వైపు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప చేలకు పోతాయి. ఊళ్ళో ముసలివాళ్ళు, మేకలు మిగులుతాయి. పోయేవాళ్ళలో మా ఎమ్మెస్సీ విద్యార్థులు కూడా ఉంటారు. ఉగాది ముందర తిరిగి వస్తారు. అందుకని చాంద్ బాషా పాఠాలన్నీ వానాకాలంలోనే ముగించి, ప్రయోగాలను ఉగాది తర్వాతకు పెట్టుకునేవాడు. విశ్వవిద్యాలయం అచ్చు వేసే విద్యా క్యాలెండర్‌లో సుగ్గి లేదు. తనిఖీ బృందానికి దాని పేరే తెలియదు. వాళ్ళు ఖాళీ బెంచీలు చూసి, గిరాకీ లేదని రాశారు. ఆ బృందం మిరప చేలల్లో వెతికి ఉంటే పూర్తి హాజరు దొరికేది.

మూసివేత మాట అప్పటికే పల్లెలకు పాకింది. నేను వచ్చిన వారంలో నాగవేణి అనే విద్యార్థిని తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎమ్మెస్సీ రసాయన శాస్త్రం మొదటి ఏడు ముగించింది. హొళగుంద దగ్గరి పల్లె నుంచి ఆదోనికి ఒక బస్సు, ఆదోని నుంచి ఇక్కడికి ఇంకో బస్సు. తండ్రి ఈరన్నకు కొద్దిపాటి మెట్ట పొలం. ఆయన కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మూసేస్తారంట గదమ్మా?"

"ఇంకా ఏమీ నిర్ణయం కాలేదు. మూసినా పిల్లలకు ప్రధాన ప్రాంగణంలో సీటు ఇస్తారు" అన్నాను. ఉత్తర్వులో ఉన్నది అదే.

"ఆడికి పంపే శక్తి నాకు ల్యాదు తల్లీ. హాస్టలు, తిండి, పోను రాను. ఈడయితే పొద్దున పోయి సాయంత్రం వస్తాది. మొన్న సుగ్గికి గూడా మాతో వచ్చి, మిరపకాయలు తెంపి, యూరియా సంచిలో పుస్తకాలు పెట్టుకోని సదివింది." కష్టం వచ్చినప్పుడు ఆ సరిహద్దు పల్లెల్లో మాట కన్నడంలోకి జారుతుంది. "ఏన్ మాడోదు మేడం, ఏం సేసేది? మూస్తే ఈ ఏడు సుగ్గికి పోయినంక ఇంగ రాదు. ఆడనే నిలిచిపోతాది, మా మాదిరి."

నాగవేణి తండ్రి వైపు తిరిగింది. "నేను ఆడ నిలవను, నువ్వు నిలబెట్టినా నిలవను. మేడంతో మాట్లాడేకి వచ్చినాం, నన్ను మిరపసేలో నిలబెట్టేకి గాదు."

"సూడమ్మా, నోరు సూడు!" అన్నాడు ఈరన్న. ఆ తిట్టులో గర్వమే ఎక్కువ.

అప్పటి నుంచి నాకు ఆ ఫైలు ఫైలుగా కనిపించలేదు. దాని చివర ఏమి ఉందో తెలిసింది. కేంద్రం మూతపడితే ఈ అమ్మాయి చదువు జనవరిలో, గుంటూరు జిల్లాలో ఒక మిరప చేలో ఆగిపోతుంది. ఇంతకన్నా సూటిగా చెప్పలేను.

జూలైలో కేంద్రం అభివృద్ధి కమిటీ సమావేశమైంది. పట్టణ పెద్దలు, దాతలు ఉండే సలహా సంఘం అది. అధ్యక్షుడు మల్లికార్జునప్ప, ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు యజమాని, పెద్ద మనిషి. గుళ్ళకు, ఉరుసుకు, జాతరలకు ఉదారంగా ఇచ్చే చేయి. పరీక్ష హాల్లో కుర్చీలు వేశాం. విద్యార్థులు వెనక నిలబడ్డారు. ఆయన లేచి, కేంద్రం మూతపడకుండా చూడాల్సిన బాధ్యత ఊరి మీద ఉందన్నాడు. అందుకోసం రోడ్డు మీద పెద్ద ఆర్చి కట్టిస్తానన్నాడు. దాని మీద సరస్వతీదేవి విగ్రహం, రెండు పక్కలా ఏనుగులు. శ్రావణమాసంలో శంకుస్థాపనకు ముహూర్తం కూడా పెట్టించానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను వద్దన్నాను.

"చదువు చెప్పేవాడు లేని చోట చదువుల తల్లి విగ్రహం పెడితే, ఆమెకు కూడా వాచ్‌మన్ పనే అప్పగించినట్టు. ఆ ముహూర్తానికి రసాయన శాస్త్రం చెప్పే ఆచార్యుడు ఉంటాడా? ఉండడు. ఆర్చికయ్యే ఖర్చుతో ఇద్దరు అధ్యాపకుల జీతానికి ఏర్పాటు చేయండి" అన్నాను. కమిటీ సభ్యుడొకాయన నన్ను దైవద్రోహిగా చూశాడు. నాకు అది అలవాటే.

మల్లికార్జునప్ప కోపగించుకోలేదు. నిజంగానే అయోమయంలో పడ్డాడు. "జీతానికిస్తే పేరు యాడ రాస్తారు మేడం? ఆర్చి అయితే మా నాయన పేరు ఉంటాది. ఫ్యాను ఇస్తే రెక్క మీదన్నా రాస్తారు. జీతమిచ్చినోడి పేరు యాడ సెక్కేది?"

వెనక నుంచి నాగవేణి గొంతు వినిపించింది. "మీ మిల్లులో గుమాస్తాకు నెలనెలా జీతమిస్తారు గదప్పా. ఆయప్ప వీపు మీద మీ నాయన పేరు సెక్కించినారా?"

హాలంతా నవ్వింది. చాంద్ బాషా తల వంచుకుని నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. మల్లికార్జునప్ప కూడా నవ్వాడు, కానీ వదల్లేదు.

"బాగా అడిగినావు తల్లీ. నా గుమాస్తా నా పని సేస్తాడు, నేను జీతమిస్తా. ఈ సారు ఎవరి పని సేస్తాండాడు? సర్కారు పని. మరి జీతం ఎవరియ్యాల? ఈ ఏడు మేమిచ్చినామనుకో. వచ్చే ఏడు సర్కారు ఏమంటాది? ఆదోనోళ్ళకు బాగా బలిసింది, వాళ్ళే ఇచ్చుకుంటారు అంటాది. సేతులు దులుపుకుంటాది. అవునా కాదా, మీరే సెప్పండి మేడం, మీరు లెక్కల శాఖ గదా?"

అవును. ఆయన పేరు కోసం మొదలుపెట్టిన వాదం సరైన చోటికి వచ్చి ఆగింది. దాతలు ఇచ్చే జీతం బ్లాక్ గ్రాంటు లెక్కలోకి ఎక్కదు. పైగా "ఈ ఖర్చు స్థానికంగా సర్దుబాటు అవుతోంది" అన్న ఒక్క వాక్యం చాలు, ఆ పోస్టు శాశ్వతంగా మాయం కావడానికి. అలాంటి వాక్యాలు రాసిన చేతులు నాకు బాగా తెలుసు. దానం మంచిదే, కాదనను. కానీ హక్కుగా రావలసిన చోట దానం చేరితే, హక్కు మెల్లగా లేచి బయటకు వెళ్ళిపోతుంది. నేను సభలో ఆ మాట ఒప్పుకున్నాను. అధ్యాపకుల జీతం ఊరు ఇవ్వకూడదు, ప్రభుత్వమే ఇవ్వాలి, ఇచ్చేదాకా అడగాలి అన్నాను.

"అడుగుతాండాము గదా, ఇన్నేండ్ల నుంచి. ఎవరికి వినపడతాది?" అన్నాడు ఒకాయన.

అప్పుడు నాకు తట్టింది, ఈ దేశంలో పెద్దవాళ్ళు ఆగి చదివేది ఒక్కటే అని. శిలాఫలకం. తమ పేరుందేమోనని చదువుతారు. గౌరవనీయుల అహంకారం ప్రకృతి శక్తి లాంటిది. గాలిని తిట్టుకుంటూ కూర్చోవడం కంటే దానికి ఎదురుగా గాలిమర పెట్టడం తెలివైన పని. "మల్లికార్జునప్పగారూ, ఆర్చి వద్దు. ఒక రాయి ఇవ్వండి. మీ పేరుండదు. ఎవరి పేరూ ఉండదు" అన్నాను.

ఆయన, "పేరు ల్యాని రాయా? ఏం సెక్కుతారు దాని మీద?" అన్నాడు.

"ఉన్నదే చెక్కుతాం."

ఆయన నిలువెత్తు నాపరాయి పంపించాడు. ఆదోనిలో సమాధుల మీద, గుడి మెట్ల మీద పేర్లు చెక్కే పనివాడిని చాంద్ బాషా తీసుకొచ్చాడు. పైన కేంద్రం పేరు. దాని కింద, మంజూరైన ఒక్కో పోస్టుకు ఒక్కో వరస. రసాయన శాస్త్రం, ఆచార్యులు: ఖాళీ. రసాయన శాస్త్రం, సహ ఆచార్యులు: ఖాళీ. రసాయన శాస్త్రం, సహాయ ఆచార్యులు: ఖాళీ. ప్రయోగశాల సహాయకులు: ఖాళీ. అలా వాచ్‌మన్ దాకా. పనివాడు సగంలో ఉలి ఆపి, "ఏందన్నా, అన్నీ ఖాళీనే సెక్కమంటాండారు?" అన్నాడట. చాంద్ బాషా, "రెండే అచ్చరాలు గదా, నీకే లాభం" అన్నాడట. అడుగున, "ఈ పోస్టులను భర్తీ చేయించినవారు" అని చెక్కించి, ఆ పక్కన నున్నటి రాయిని జానెడు వెడల్పున వదిలేశాం.

రాయిని గేటు పక్కన, హరిత ప్రాంగణం పలకకు ఎదురుగా నిలబెట్టాం. ఎమ్మిగనూరు బస్సులోంచి తలలు బయటకు వచ్చేవి. పత్రికల విలేఖరులు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. వార్త వచ్చిన ఉదయమే రిజిస్ట్రార్ ఫోన్ చేశారు. మనిషి చెడ్డవాడు కాదు, భయస్తుడు. విశ్వవిద్యాలయం పరువు పోతోందని, రాయిని వెంటనే తీయించమని చెప్పారు.

"రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి సార్, తీయిస్తాను. రాయి మీద ఏ వరస అబద్ధమో కూడా ఉత్తర్వులో రాయండి" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశారు. ఉత్తర్వు రాలేదు. రాదని నాకు తెలుసు. ఖాళీని ఖాళీ కాదని సంతకం పెట్టగల అధికారి నా సర్వీసులో ఒక్కరూ కనబడలేదు. నా మీద చర్య తీసుకోవచ్చునన్న గుసగుస మాత్రం మా విభాగంలో నడిచింది. నడవనివ్వండి అనుకున్నాను.

సెప్టెంబరులో అదనపు తరగతి గదుల ప్రారంభోత్సవానికి ప్రజాప్రతినిధి ఒకరు వచ్చారు. పాఠం చెప్పేవాళ్ళు లేని కేంద్రానికి ఇంకా తరగతి గదులు! వాటికి శిలాఫలకం అప్పటికే తయారై, గుడ్డ కప్పి ఉంది. ఆయన కారు గేటు దగ్గర నెమ్మదించింది. ఆగింది. అద్దం దిగింది. ఆయన రాయి మొత్తం చదివారు. అడుగున ఖాళీ దగ్గర చూపు నిలిచింది.

"ఈడ ఎందుకు వదిలినారు?" అని అడిగారు.

నాగవేణి ముందుకొచ్చింది. "పోస్టులు ఇప్పించినోళ్ళ పేరు సెక్కేకి సార్. మీ పేరు కోసమే కాచుకోనుంది."

ఆయన నవ్వారు. "నా పేరు పెద్దది పాపా. ఈ సోటు సాలదు."

పక్కనే ఉన్న మల్లికార్జునప్ప అందుకున్నాడు. "సాలకుంటే ఇంకో రాయి నేనిస్తా సార్. ముందు మనుషుల్ని ఇయ్యండి."

ఆయన ఆ రోజు వేదిక మీద, ఈ పోస్టుల విషయం తానే స్వయంగా మాట్లాడతానని అన్నారు. వేదికల మీద చేసే వాగ్దానాల విలువ నాకు తెలుసు. కాబట్టి చప్పట్లు కొట్టకుండా ఆ మాటను ఆయన ముందే మినిట్స్‌లో రాయించి, మర్నాడే దానిని జతపరచి నా నివేదిక పంపాను.

నివేదికలో ఆదాయ వ్యయాల పట్టీని నేను మొదట పెట్టలేదు. రోడ్డుకు, ఠాణాకు లాభనష్టాల పట్టీ వేయని ప్రభుత్వం చదువుకు మాత్రం ఎందుకు వేస్తోందని అడుగుతూ మొదలుపెట్టాను. సుగ్గి గురించి ఒక పేజీ రాసి, తనిఖీ మళ్ళీ ఆగస్టులో జరగాలన్నాను. మూసివేతకు సిఫారసు చేయనన్నాను. రసాయన శాస్త్రంలో రెండు పోస్టులను, ప్రయోగశాల సహాయకుడిని వచ్చే బడ్జెట్ ప్రతిపాదనల్లో చేర్చి, వాటి జీతాన్ని బ్లాక్ గ్రాంటులో భాగం చేయాలని అడిగాను.

నవంబరులో పాలక మండలి నన్ను వివరణకు పిలిచింది. సభ్యులొకరు, "ఎంతకాలం ప్రభుత్వం మీద ఆధారపడతారు? ఫీజులు పెంచి స్వయంసమృద్ధి సాధించాలి కదా" అన్నారు. ఆయన మంచి ఇంగ్లీషు మనిషి, ప్రభుత్వ కళాశాలలో నామమాత్రపు ఫీజుతో చదివి పైకి వచ్చినవారు. "స్వయం అంటే ఎవరు సార్? ఫీజు కట్టేది విశ్వవిద్యాలయం కాదు, హొళగుంద రైతు. ఆయన సమృద్ధి ఎంతో నేను చూసి వచ్చాను" అన్నాను. కొంతమంది తలలు వంచుకున్నారు, కొంతమంది గడియారం చూసుకున్నారు. ఓటింగు లేకుండానే మూసివేత ప్రతిపాదన పక్కకు పోయింది.

గెలిచామని చెప్పడం అబద్ధం అవుతుంది. మేము అడిగిన మూడు పోస్టుల జీతం మరుసటి ఏడు గ్రాంటులో చేరింది. శాశ్వత నియామకాలు ఇప్పటికీ నోటిఫికేషనుకు, కోర్టుకు మధ్య తిరుగుతున్నాయి. అయితే డబ్బు గ్రాంటులో ఉంది కనుక చాంద్ బాషాకు గంటల లెక్క పోయి, ఏడాది పొడవునా నెల జీతం వస్తోంది. ప్రయోగశాల సహాయకుడు తాత్కాలికంగానే వచ్చాడు. యంత్రం మీద ప్లాస్టిక్ తొడుగు తీశారు. మండలి సమావేశం తర్వాతి జనవరిలో ఈరన్న, ఆయన భార్య సుగ్గికి పోయారు. నాగవేణి పోలేదు. ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉండి ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఇప్పుడు పత్తి పింజ మీద పరిశోధన చేస్తోంది. అధ్యాపక పోస్టుకు దరఖాస్తు చేసుకుంటానంటుంది. ఆ పోస్టు ఆ రాయి మీద మూడో వరసలో, ఖాళీ అనే ఉంది.

రాయి కూడా అక్కడే ఉంది. అడుగున జానెడు చోటు ఇప్పటికీ నున్నగానే ఉంది. చెక్కించుకోవడానికి ఇంతవరకూ ఎవరికీ అర్హత రాలేదు.

ఆ సంఘటన నాకు నేర్పింది ఇది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని ఎవరూ ఒక్క రోజులో చంపరు. ప్రారంభోత్సవాలకు ఇచ్చి, మనుషులకు ఇవ్వడం మానేస్తారు. ఆ పని గోడ మీద కనిపించదు కనుక మనం అడగం. మనం అడగం కనుక వాళ్ళు ఇవ్వరు. ఈ వలయాన్ని తెంచే శక్తి పాలక మండలికి లేదు, ఉపకులపతికి లేదు, నాలాంటి సహాయ రిజిస్ట్రార్‌కి అసలే లేదు. అది పన్ను కట్టేవాడి దగ్గర, ఓటు వేసేవాడి దగ్గర ఉంది.

కనుక, ఇది చదివి పక్కన పెట్టేయకండి. ఈ వారంలోనే మీ ఊరి ప్రభుత్వ కళాశాలకు వెళ్ళండి. శిలాఫలకం దగ్గర ఆగకుండా లోపలికి నడిచి, మంజూరైన పోస్టులు ఎన్ని, పాఠం చెబుతున్న మనుషులు ఎందరు అని ప్రిన్సిపాల్‌ను అడగండి. ఆయన చెప్పకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. తేడా తెలిసిన రోజు, ఓటు కోసం మీ గడపకు వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ఆ ఒక్క ప్రశ్నే అడగండి. జవాబు చెప్పేదాకా లేవనివ్వకండి.